ఐరిష్ జాతి జ్ఞాపకం, దాన్ని పరీక్షించిన పరిశోధకులు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో ఐర్లండ్ గురించి అచ్చయిన వ్యాసాన్ని నేను రెండుసార్లు చదివాను. మన రెండు దేశాలూ ఒకే సామ్రాజ్యం కింద నలిగాయని, ఒకరి పోరాటం మరొకరికి ధైర్యమిచ్చిందని వ్యాసకర్త రాసిన మాటలతో నాకు పేచీ లేదు. అయితే చివరి భాగంలో, ఐరిష్ ప్రజలకు ఒకే జ్ఞాపకం, ఒకే భాష, ఒకే శత్రువు ఉండబట్టే వాళ్లు జాతిగా నిలబడ్డారనీ, అందుకే వాళ్ల చరిత్రలో గందరగోళం లేదనీ తేల్చేశారు. ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెప్పి, విశ్రాంతి తీసుకున్నాక మదనపల్లెలో ఉంటూ ఐర్లండ్ చరిత్ర పరిశోధనను దొరికినంతవరకు చదువుకుంటున్నదాన్ని కనుక, ఈ ముక్క దగ్గర ఆగిపోయాను. ఆ మూడు 'ఒకే'లనూ విడివిడిగా పట్టుకుని, ఊరూరా తిరిగి, కాగితం కాగితం వెతికి, అవి నిలుస్తాయో లేదో చూసినవాళ్లు మరెవరో కాదు, ఐర్లండ్ పండితులే. దాదాపు తొంభై ఏళ్లుగా వాళ్లు చేస్తున్న ఆ పనిని పక్కనపెట్టి వాళ్ల చరిత్రను పొగిడితే, వాళ్లకు మనం ఇచ్చే గౌరవం సగమే అవుతుంది.

మన దగ్గర ఐర్లండ్ పేరు ఎక్కువగా వినపడేది గ్రూప్స్ పరీక్షల కోచింగ్ సెంటర్లలో. ఆదేశిక సూత్రాలకు 1937 నాటి ఐరిష్ రాజ్యాంగం ఆధారమని పిల్లలు వల్లె వేస్తారు, అక్కడితో ఆ దేశం అయిపోతుంది. సరిగ్గా ఆ 1937లోనే ఆ దేశంలో ఇంకో పని మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు, 1935లో, ప్రభుత్వం ఐరిష్ జానపద సంఘాన్ని ఏర్పాటు చేసి జేమ్స్ డెలార్గీ అనే పండితుణ్ణి దానికి పెద్దగా పెట్టింది. ఆయన మనుషులు సైకిళ్ల మీద, మైనపు గొట్టాల మీద గొంతును పట్టే బరువైన యంత్రాలు మోసుకుంటూ పడమటి పల్లెలకు వెళ్లి, ముసలివాళ్ల దగ్గర కథలు, మందులు, సామెతలు, పంటల నమ్మకాలు రాసుకొచ్చేవారు. డబ్బు చాలక, రాసుకోవడం అయిపోయిన గొట్టాన్ని గీకి మళ్లీ వాడేవారు కాబట్టి గొంతులు చాలావరకు పోయాయి, అక్షరం మాత్రం మిగిలింది. ఈ కొద్దిమందితో దేశమంతా తిరగడం కుదరదని గ్రహించి, 1937లో ప్రాథమిక బడుల పెద్ద తరగతుల పిల్లలకు ఈ పని అప్పగించారు. వ్యాసరచన పీరియడ్ బదులుగా, వారానికొక అంశం చొప్పున, పిల్లలు ఇంటికి వెళ్లి అవ్వతాతల్ని, ఇరుగుపొరుగు పెద్దల్ని అడిగి నోటుపుస్తకాల్లో రాసుకురావాలి. అడగవలసిన అంశాలు 55. ఊరి బావి ఎవరు తవ్వారు, చెప్పులు ఎవరు కుడతారు, పాత కాలంలో పొద్దున ఏం తినేవాళ్లు, కరువు రోజుల్లో ఇక్కడేం జరిగింది, ఇలా ఉండేవి. సుమారు 5,000 బడుల పిల్లలు, 50,000 మందికి పైగా, రెండేళ్లలోపు రాసినది ఇప్పుడు 7 లక్షల 40 వేల పేజీలు. ఆ నోటుపుస్తకాలు డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో భద్రంగా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, పిల్లల చేతిరాతను అక్షరాల్లోకి ఎక్కించే పనిలో ఊరూపేరూ తెలియని వేలమంది స్వచ్ఛందంగా సాయపడుతున్నారు. కోతల వేళ ఒకరి పొలానికి ఒకరు వెళ్లి పనిచేసి పెట్టడాన్ని ఐరిష్ భాషలో 'మెహల్' అంటారు. ఈ స్వచ్ఛంద కృషికి వాళ్లు పెట్టుకున్న పేరు అదే. మన పల్లెల్లో బదులు పనికి పోవడమని అంటామే, సరిగ్గా ఆ మాట.

ఈ సంఘం 1935 నుంచి 1970 దాకా పోగుచేసిన సంపదను 2017లో యునెస్కో ప్రపంచ స్మృతుల జాబితాలో చేర్చింది. అయితే నాకు ఈ కథలో నచ్చేది ఆ గుర్తింపు కంటే, తర్వాతి తరం పండితులు ఆ సంపదనే బోనులో నిలబెట్టిన తీరు. నోటుపుస్తకాలు వచ్చినవి 26 కౌంటీల (మన జిల్లాల లాంటివి) నుంచే, బ్రిటన్‌తో ఉండిపోయిన ఉత్తరాది ఆరు కౌంటీల పిల్లలు వాటిలో లేరు. పట్నాలు పెద్దగా లేవు, ఎందుకంటే అసలైన ఐరిష్ ఆత్మ పడమటి పల్లెల్లోనే ఉందని ఆ కాలం నమ్మింది. జీతానికి తిరిగిన సేకర్తలు మగవాళ్లు కావడంతో ఆడవాళ్లు ఆడవాళ్ల మధ్య చెప్పుకునే మాటలు తక్కువగా దక్కాయి. పెళ్లికి బయట పుట్టిన బిడ్డల గురించి, కొట్టే మొగుళ్ల గురించి బడిపిల్లవాడి నోటుపుస్తకంలో ఏముంటుంది? జాతి జ్ఞాపకం అని మనం పిలిచేదాంట్లో ఎవరి జ్ఞాపకం ఉంది, ఎవరిది లేదు అన్న ఈ ప్రశ్న వేసినందుకు అక్కడ ఎవరినీ దేశద్రోహి అనలేదని నేను చెప్పను. మాటలు పడ్డవాళ్లున్నారు. అయినా ప్రశ్న ఆగలేదు.

ఇక జ్ఞాపకాల్లోకెల్లా పెద్దదైన కరువు సంగతి. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది, 1846లో పంట దాదాపు మొత్తం పోయింది, 1852 దాకా ఆ ఛాయ వదలలేదు. సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతే సంఖ్యలో దేశం వదిలి వెళ్లిపోయారు. 1841 జనగణనలో 82 లక్షలు దగ్గర ఉన్న జనాభా 1851 నాటికి 65 లక్షలకు పడిపోయింది. ఇంత పెద్ద విషాదాన్ని గురించి స్వతంత్ర ఐర్లండ్ విశ్వవిద్యాలయాలు చాలాకాలం గొంతు తగ్గించే మాట్లాడాయి. 1938లో మూడీ, డడ్లీ ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు చరిత్రకారులు ఒక పరిశోధన పత్రిక స్థాపించి, జాతీయ గాథల్ని వదిలి దస్తావేజుల మీద నిలబడే చరిత్ర రాయాలని పట్టుబట్టారు. వాళ్ల సంకల్పం మంచిది, కానీ ఆ క్రమంలో ఏడుపును కూడా చరిత్ర నుంచి తుడిచేశారని 1989లో బ్రెండన్ బ్రాడ్‌షా అనే పండితుడు గట్టిగా నిలదీశాడు. దస్తావేజు చల్లగా ఉంటే నిజం కూడా చల్లగా ఉండాలా అన్నది ఆయన ప్రశ్నలోని సారం. ఆ వాదం ఏళ్ల తరబడి నడిచింది, కాలేజీ గోడలు దాటి పత్రికల్లోకీ వచ్చింది. నా మట్టుకు నేను బ్రాడ్‌షా వైపే మొగ్గుతాను, కానీ ఎదుటిపక్షం లేకపోతే ఆయన ప్రశ్నకు అంత పదును వచ్చేది కాదని కూడా ఒప్పుకుంటాను.

ఆ వాదం వల్ల జరిగిన మేలు ఏమిటంటే, లెక్కలు బయటికి వచ్చాయి. జనం ఆకలితో చస్తుంటే ధాన్యం ఓడలు ఇంగ్లండుకు వెళ్లాయన్నది ప్రతి ఐరిష్ ఇంట్లో చెప్పుకునే మాట. ఆ మాట నిజమే. అయితే 1847లో దిగుమతైన ధాన్యం ఎగుమతైన దానికంటే బాగా ఎక్కువని ఆర్థిక చరిత్రకారులు చూపించారు. అంతటితో వదిలేస్తే ఇది పాలకుల్ని వెనకేసుకు రావడం అవుతుంది. వాళ్లు వదల్లేదు. 1846 చివరి నెలల్లో, దిగుమతి ధాన్యం ఇంకా చేరకముందు, ఎగుమతుల్ని ఆపి ఉంటే ఆ చలికాలపు చావుల్లో ఎన్నో తప్పేవన్న వాదాన్నీ అదే లెక్కల నుంచి తీశారు. 1847 వేసవిలో గంజి కేంద్రాలు రోజుకు 30 లక్షల మందికి తిండి పెట్టగలిగాయి, అంటే చేయాలనుకుంటే ప్రభుత్వానికి చేతనయ్యేది. వాటిని శరత్కాలానికే మూసేసి భారాన్ని పేదల్ని ఉంచి పని చేయించే స్థానిక వర్క్‌హౌస్‌ల మీద, స్థానిక పన్నుల మీద పడేశారు. పావు ఎకరానికి మించి భూమి చేతిలో ఉన్నవాడికి సాయం లేదని చట్టం చేశారు, దాంతో కుటుంబాలు బిడ్డల ప్రాణం కోసం నేల వదులుకున్నాయి. కోపం తెప్పించే ఈ వివరాలన్నీ దస్తావేజులు తవ్వినవాళ్ల చేతుల మీదుగానే వచ్చాయని గమనించాలి. 2012లో కార్క్ యూనివర్సిటీ కాలేజీవాళ్లు ఆ ఏళ్ల జనాభా మార్పును పటాలుగా గీసి అచ్చువేశారు. ఊళ్ల వారీగా ఎవరు తగ్గిపోయారో, ఎక్కడ ఇళ్లు మాయమయ్యాయో అందులో కంటితో చూడవచ్చు.

1945లో, కరువుకు వందేళ్లయిన సందర్భంలో, జానపద సంఘం ఆ జ్ఞాపకాల కోసం ప్రత్యేకంగా ప్రశ్నావళి పంపింది. వచ్చిన జవాబుల్లో లండన్ ప్రభుత్వం తక్కువ, పక్కింటివాడు ఎక్కువ. ఆకలికి తాళలేక భూమి వదిలిన వాడి నేలను ఎవడు కలుపుకున్నాడో, గంజి కోసం మతం మారిన ఇల్లేదో, అడుగు తెరుచుకునే ఒకే శవపేటికలో ఎంతమందిని గుంటదాకా మోసారో అందులో ఉన్నాయి. ఇంకో చిత్రం కూడా పరిశోధకుల కంటబడింది. చాలామంది మా ఊళ్లో అంత లేదు, అవతలి ఊళ్లో మాత్రం ఘోరంగా ఉండేదట అని చెప్పారు. ఇది చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మా నాయనమ్మ కదిరి వైపు మనిషి. 1876 నాటి ధాత కరువు గురించి ఆమె తన అవ్వ దగ్గర విన్నది చెప్పేటప్పుడు, చావులన్నీ ఎప్పుడూ ఏటికి అవతల ఉన్న ఊళ్లలోనే జరిగేవి. బతికి బయటపడ్డవాళ్ల సంతానానికి ఆ సిగ్గు ఎలా అంటుకుని ఉంటుందో నాకు ఆ ఐరిష్ జవాబుల వల్ల అర్థమైంది.

కరువు ప్రస్తావన వచ్చింది కాబట్టి మీ వ్యాసకర్త వదిలేసిన ఒక పేరు చెప్పాలి. ఐరిష్ కరువు సహాయాన్ని లండన్ ఖజానా నుంచి నడిపించిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. ఐర్లండ్‌లో ఆయన పేరు నేటికీ శాపంలా పలుకుతారు. ఆయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు, అంటే మన కోస్తా జిల్లాలూ రాయలసీమా ఆయన ఏలుబడిలోకి వచ్చాయి. కొత్త పన్నులు వద్దని కలకత్తా పైఅధికారులతో బహిరంగంగా తగాదా పడి 1860లోనే పదవి పోగొట్టుకున్నాడు. మనవాళ్ల నెత్తిన పన్ను వద్దన్నవాడూ, ఐరిష్ పేదకు ఉచిత భోజనం పెడితే సోమరి అవుతాడన్నవాడూ ఒకే మనిషి. ట్రెవెల్యన్ ఒక్కడే హంతకుడన్న పాత చిత్రాన్ని ఈ కాలపు పరిశోధకులు సవరించి, ఆయన పైనున్న మంత్రులూ, ఆ కాలపు ఆర్థిక సిద్ధాంతమూ మోయవలసిన భారం ఎంతో చెబుతున్నారు. ఒకే శత్రువు అన్న మాట ఇక్కడే వదులైపోతుంది. శత్రువు లేడని కాదు, ఒకే మనిషి ముఖంలో ఇమిడేంత చిన్నవాడు కాడని.

ఒకే భాష సంగతికి వస్తే, 1851 జనగణనలో తొలిసారి భాషను అడిగితే ఐరిష్ మాట్లాడేవాళ్లు 15 లక్షల మంది తేలారు, అంటే నలుగురిలో ఒకరి కంటే తక్కువ. కరువు ఎక్కువగా మింగింది ఆ భాష బతికున్న పడమటి జిల్లాలనే. 1893లో డగ్లస్ హైడ్ తదితరులు భాషోద్ధరణ సంఘం పెట్టే నాటికి దేశంలో ఎక్కువమందికి ఇంగ్లీషే ఇంటి భాష. స్వాతంత్ర్యం వచ్చాక బడుల్లో ఐరిష్ తప్పనిసరి అయింది, 2007లో యూరోపియన్ యూనియన్ అధికార భాష అయింది. 2022 జనగణనలో 18 లక్షల 70 వేల మంది తమకు ఐరిష్ వచ్చని చెప్పారు, కానీ బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు 71,968 మంది. 2007లో ప్రభుత్వం ఖర్చుపెట్టి చేయించిన అధ్యయనమే, ఐరిష్ మాట్లాడే పల్లెల్లో అది ఊరి భాషగా ఇంకో 15 నుంచి 20 ఏళ్లకు మించి నిలవదని హెచ్చరించింది. 2015లో చేసిన సవరణ ఆ గడువును పదేళ్లకు కుదించింది. చెవికి ఇంపుగా ఉండని లెక్కను సొంత భాష గురించి సొంత డబ్బుతో రాయించుకుని, దాన్ని అచ్చువేసుకునే నిజాయితీ నాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. ఐర్లండ్‌లో భాష బతికిందని మన వేదికల మీద చెప్పేవాళ్లు, ఐరిష్ వచ్చన్నవాళ్ల అంకెనూ రోజూ మాట్లాడేవాళ్ల అంకెనూ కలిపి చెప్పాలని నా మనవి.

దస్తావేజుల మీద వాళ్లకు అంత పట్టుదల ఎందుకో తెలియాలంటే 1922 జూన్ 30 గుర్తు చేసుకోవాలి. అంతర్యుద్ధం మొదలైన వారంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలో పేలుడు జరిగి, అక్కడున్న ప్రభుత్వ దస్తావేజుల భవనం తగలబడింది. ఏడు శతాబ్దాల కాగితాలు, 1821 నుంచి 1851 దాకా జరిగిన నాలుగు జనగణనల ఇంటింటి వివరాలు దాదాపుగా ఒక్క మధ్యాహ్నంలో పోయాయి. కాలిన కాగితపు ముక్కలు గాలికి ఎగిరి ఊరి మీద వానలా పడ్డాయి. ఆ తర్వాతి జనగణనల కాగితాలను ప్రభుత్వాలే ముందూ వెనకా పారేశాయి కనుక, ఇంటింటి పత్రాలు పూర్తిగా మిగిలిన పాత జనగణనలు 1901, 1911 రెండే. ఇంత పోగొట్టుకున్నవాళ్లు ఏం చేశారో చూడండి. ఆ భవనపు అధికారి హెర్బర్ట్ వుడ్ 1919లో, అదృష్టవశాత్తూ, ఏ అలమారాలో ఏముందో చెప్పే పట్టికను అచ్చువేసి ఉంచాడు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకులు ఆ పట్టికను చేతబట్టుకుని, ఒక్కో దస్తావేజుకూ ఎప్పుడో ఎవరో తీసుకున్న నకలు లండన్‌లోనో బెల్‌ఫాస్ట్‌లోనో దొరుకుతుందేమోనని వెతికి, 2022 జూన్‌లో, సరిగ్గా నూరేళ్లకు, ఆ భవనాన్ని ఇంటర్నెట్‌లో గది గదిగా మళ్లీ నిలబెట్టారు.

వెతికితే ఎక్కడ దొరుకుతాయో చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. 1908 చట్టంతో ముసలివాళ్లకు పింఛను వచ్చింది, 70 ఏళ్లు నిండితేనే. ఐర్లండ్‌లో పుట్టుకల నమోదు అందరికీ మొదలైంది 1864లో కాబట్టి వయసుకు రుజువు లేదు. వయసు తేల్చుకోవడానికి గుమస్తాలు 1841, 1851 జనగణనల పుస్తకాలు తిరగేసి ఆ కుటుంబం వివరాలు ఒక ఫారం మీద రాసుకునేవారు. పుస్తకాలు కాలిపోయాయి, ఫారాలు వేరేచోట ఉండి బతికాయి. ఇవాళ ఆ పేద ముసలివాళ్ల అర్జీల వల్లే పోయిన జనగణనలోని కుటుంబాలు కొన్ని మళ్లీ కనపడుతున్నాయి. అదే పింఛను పుణ్యమా అని, 1901 నుంచి 1911కు వచ్చేసరికి పదేళ్ల బదులు పదిహేనేళ్లు పెరిగిన అవ్వలూ తాతలూ ఆ జనగణనల్లో ఎందరో ఉన్నారు. అధికారిక కాగితం చెప్పేదంతా నిజమని నమ్మే మా చరిత్ర విద్యార్థులకు నేను ఈ ఉదాహరణ చెబుతూ ఉండేదాన్ని.

ఐరిష్ అన్న మాటలో ఎవరెవరు ఉన్నారన్న ప్రశ్నకు ఇంకా పదునైన జవాబులు వచ్చాయి. దేశంలో తరతరాలుగా బళ్ల మీద తిరిగే సంచార కుటుంబాలున్నాయి, వాళ్లను ట్రావెలర్స్ అంటారు. కరువులో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల వారసులే వీళ్లని, కాబట్టి మళ్లీ ఇళ్లలో స్థిరపరిస్తే మామూలైపోతారని చాలాకాలం అనుకున్నారు. 1952లో జానపద సంఘం వీళ్ల గురించి ప్రశ్నావళి పంపితే అది స్థిరంగా ఉండే ఊరివాళ్లకే వెళ్లింది. వీళ్లను మాత్రం అడగలేదు. 2017లో వచ్చిన జన్యు పరిశోధన, వీళ్లు మిగతా ఐరిష్ జనం నుంచి సుమారు పన్నెండు తరాల కిందట, అంటే కరువుకు చాలా ముందే, విడిపోయారని తేల్చింది. ఆ ఏడాది మార్చి 1న ప్రధాని పార్లమెంటులో నిలబడి వాళ్లను ప్రత్యేక జాతి సమూహంగా గుర్తిస్తున్నట్టు ప్రకటించాడు. వాళ్ల సంఘాలు దశాబ్దాలుగా అడుగుతున్నది అదే. పరిశోధన దానికి దారి వేసిందని కాకుండా, తోడొచ్చిందని చెప్పడం న్యాయం.

పరిశోధన విశ్వవిద్యాలయాల సొత్తు కాదని చెప్పడానికి కాథరిన్ కోర్లెస్ పేరు చాలు. గాల్వే కౌంటీలోని ట్యూమ్ పట్నంలో సన్యాసినులు నడిపిన ఒక ఆశ్రమం 1925 నుంచి 1961 దాకా పెళ్లికాని తల్లుల్నీ వాళ్ల బిడ్డల్నీ ఉంచింది. ఈమె ఏ విశ్వవిద్యాలయంలోనూ ఉద్యోగి కాదు, ఊరి చరిత్ర రాసుకునే గృహిణి. ఆ ఆశ్రమంలో చనిపోయిన పిల్లల మరణ ధ్రువపత్రాలను తన డబ్బుతో ఒక్కొక్కటిగా తెప్పించుకుంటే 796 తేలాయి, వాళ్లను పాతిపెట్టిన చోటుకు మాత్రం రికార్డు లేదు. 2012లో ఊరి చరిత్ర సంఘం పత్రికలో ఆమె వ్యాసం వచ్చింది. 2015లో విచారణ సంఘం ఏర్పడింది, 2017లో ఆ నేల కింద పిల్లల అవశేషాలున్నాయని ధ్రువపడింది, 2025లో వాటిని బయటికి తీసి గుర్తించే తవ్వకం మొదలైంది. భక్తిగల పల్లె, పవిత్రమైన కుటుంబం అనేవి ఐరిష్ అస్తిత్వానికి రెండు స్తంభాలని దేశం నమ్ముతున్న రోజుల్లోనే ఇవన్నీ జరిగాయి. బడిపిల్లల నోటుపుస్తకాల్లో లేనిది, 796 ధ్రువపత్రాల్లో ఉంది.

మనకూ వాళ్లకూ మధ్య నిజంగా ఉన్న బంధాల్ని కూడా ఇదే కంటితో చూడమని కోరుతున్నాను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మా మదనపల్లెకు వచ్చి బీసెంట్ కాలేజీలో ఉన్నప్పుడు, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ జనగణమనకు స్వరాలు కట్టింది. ఆమె రాస్‌కామన్ కౌంటీ మనిషి, డబ్లిన్‌లో ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడి వచ్చింది. ఆ తర్వాత రెండు నెలలు కూడా గడవకముందే అమృత్‌సర్‌లో కాల్పులు జరిగాయి. వాటిని సమర్థించిన పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ మైకేల్ ఓడ్వయర్ టిప్పరెరీ కౌంటీలోని కాథలిక్ కుటుంబంలో పుట్టినవాడు. ఆ మరుసటి ఏడు జలంధర్‌లో, సోలన్‌లో ఐరిష్ సైనికులు తమ దేశంలో బ్రిటిష్ సేనలు చేస్తున్న అకృత్యాలకు నిరసనగా ఆయుధాలు కింద పెట్టారు, వాళ్లలో జేమ్స్ డేలీని 1920 నవంబరులో కాల్చి చంపారు. ముగ్గురూ ఐరిష్‌వాళ్లే. విట్లీ స్టోక్స్ అనే డబ్లిన్ పండితుడు మద్రాసు మీదుగా కలకత్తా చేరి, 1877 నుంచి 1882 దాకా వైస్రాయి కౌన్సిల్లో న్యాయ సభ్యుడిగా మన చట్టాలు రాస్తూ, తీరిక వేళల్లో ప్రాచీన ఐరిష్ వ్యాఖ్యల్ని పరిష్కరించి ప్రచురించాడు. మన దేశంలో ఎన్నో భాషల్ని సర్వే చేయించిన గ్రియర్సన్ కూడా ట్రినిటీలో చదివినవాడే. ఐర్లండ్ వలసా, వలస పాలనలో భాగస్వామీనా అన్నది ఇప్పటి ఐరిష్ చరిత్రకారులు ఎంతో శ్రమపడుతున్న ప్రశ్న. అందులో సగం ఆధారం ఇక్కడే, మన ఆర్కైవ్‌లలోనే ఉంది.

వి.వి. గిరి గారి విషయమూ అంతే. ఆయన 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు, బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఆ దేశం వదిలి రావలసి వచ్చింది. మన దగ్గర ఈ సంగతి ఆయన జీవితచరిత్రలో ఒక పేరాతో సరిపెట్టుకుంటాం. ఆ తిరుగుబాటు శతాబ్ది సందర్భంగా ఆయన చదివిన కాలేజీకి చెందిన చరిత్రకారుడే, ఆయనతో పాటు అక్కడున్న భారతీయ విద్యార్థుల మీద కాలేజీ రికార్డుల ఆధారంగా పరిశోధించి పుస్తకం వేశాడు. ఒక తెలుగు రాష్ట్రపతి యవ్వనం గురించి తెలుసుకోవడానికి మనం ఆ పరిశోధన దగ్గరికే వెళ్లాలి.

మరొక్క మాట, సాక్ష్యాలు దాచే పద్ధతి గురించి. స్వాతంత్ర్య సమరంలో పాల్గొన్నవాళ్ల దగ్గర 1947 నుంచి పదేళ్లపాటు 1,773 వాంగ్మూలాలు తీసుకుని, సాక్షులంతా కన్నుమూసేదాకా తెరవబోమన్న మాట ప్రకారం ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసి, 2003లో తెరిచింది ఐరిష్ ప్రభుత్వం. ఆ మాట నిలబడింది. ఉత్తర ఐర్లండ్ అల్లర్లలో ఆయుధం పట్టినవాళ్లతో 2001 నుంచి అమెరికాలోని బోస్టన్ కాలేజీ తరఫున తీసిన ముఖాముఖీలకూ అలాంటి మాటే ఇచ్చారు. 2011లో పోలీసులు కోర్టు ద్వారా అడిగేసరికి కొన్ని టేపులు వాళ్ల చేతికి వెళ్లాయి. పరిశోధకులు చట్టం ఏమంటుందో ముందే చూసుకోకుండా ఇచ్చిన హామీ అది. తెలుగు నేల మీద సాయుధ పోరాటాల జ్ఞాపకాల్ని రికార్డు చేస్తున్న యువ మిత్రులు ఈ రెండో ఉదంతాన్ని తప్పక చదవాలి.

సంపాదకుల వారికి నా విన్నపం రెండు ముక్కల్లో. ఆదివారం వ్యాసంలోని 'ఒకే జ్ఞాపకం, ఒకే భాష, ఒకే శత్రువు' అన్న వాక్యం మీద ఒక సవరణ వేయండి. వీలైతే ఆ బడిపిల్లల నోటుపుస్తకాల నుంచి కరువు గురించిన నాలుగైదు పేజీలు తెలుగులో అచ్చువేయండి. అవి ఎవరైనా చదివేందుకు తెరిచి ఉన్నాయి, అనువాదం నేను చేసి పంపిస్తాను.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు,
మదనపల్లె